ఆధునిక అంతర్జాతీయ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

పాఠశాల చివరి రెండేళ్లలో ఈ సబ్జెక్టు తీసుకున్నవాళ్లూ, తీసుకోవాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లూ పదేపదే అడిగే ప్రశ్నలివి. పేపర్ల సంఖ్య, మార్కులు, సమయం బోర్డును బట్టి మారతాయి. వాటికి మీ సిలబస్‌నే చూసుకోండి. చదవడం, రాయడం గురించి ఇక్కడ చెప్పినవి ఏ బోర్డుకైనా పనికొస్తాయి.

అంతర్జాతీయ చరిత్ర, ప్రపంచ చరిత్ర ఒకటేనా?

కాదు. ప్రపంచ చరిత్రలో పంటలు, వ్యాధులు, మతాలు, వలసలు అన్నీ వస్తాయి. అంతర్జాతీయ చరిత్ర ముఖ్యంగా దేశాల మధ్య సంబంధాల గురించి: యుద్ధాలు, ఒప్పందాలు, కూటములు, సామ్రాజ్యాలు, అప్పులు, ఆంక్షలు, నానాజాతి సమితి, ఐక్యరాజ్య సమితి లాంటి సంస్థలు. చాలా సిలబస్‌లు 1870ల దగ్గరో 1914 దగ్గరో మొదలై 1991 చివర్లో సోవియట్ యూనియన్ రద్దుతో ఆగుతాయి.

దేశాల లోపలి రాజకీయం అక్కర్లేదని కాదు. అమెరికా సెనేట్ 1919 నవంబరులో ఒకసారి, 1920 మార్చిలో మరోసారి వర్సెయిల్స్ సంధిని తిరస్కరించింది. అది ఆ దేశపు ఇంటి గొడవే, కానీ దాని ఫలితం ఇరవై ఏళ్లపాటు జెనీవాలో, అంటే అమెరికా చేరని నానాజాతి సమితి కేంద్రంలో, కనబడింది. లోపలి విషయం బయటి నిర్ణయాన్ని ఎలా మార్చిందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే జవాబులో దానికి చోటివ్వండి. చెప్పలేకపోతే వదిలేయండి. హిట్లర్ బాల్యం గురించి పేజీ నింపినవాళ్లకు ఆ పేజీకి మార్కులు రావు.

కింది తరగతుల్లో చరిత్రలో మంచి మార్కులు వచ్చేవి. ఇక్కడ ఎందుకు పడిపోయాయి?

జరిగింది జరిగినట్టు రాస్తున్నారు గనక. అక్కడ అది చాలింది, ఇక్కడ అది ముడిసరుకు మాత్రమే. తేడా ఒక ఉదాహరణలో చూడండి.

"1955 మే 14న వార్సా ఒప్పందం కుదిరింది." ఇది సమాచారం. (నాటో పశ్చిమ దేశాల సైనిక కూటమి, వార్సా ఒప్పందం సోవియట్ పక్షానిది.)

"పశ్చిమ జర్మనీ మే 9న నాటోలో చేరింది, ఐదు రోజులకే వార్సా ఒప్పందం వచ్చింది. తూర్పు ఐరోపా సైన్యాల మీద మాస్కో పట్టు అప్పటికే ఉంది కాబట్టి, ఈ ఒప్పందంతో సోవియట్ బలం కొత్తగా పెరిగిందనడం కన్నా, జర్మనీ చేతికి మళ్లీ ఆయుధాలు రావడానికి ఇది రాజకీయ జవాబు అనడం సబబు." ఇది వాదన. ఇందులో తేదీ ఒక పని చేస్తోంది. ఒకటి తర్వాత ఒకటి వచ్చిందని చూపి, కారణం వైపు వేలు చూపుతోంది.

మీ వ్యాసంలో ప్రతి తేదీకీ, ప్రతి పేరుకీ ఇదే పరీక్ష పెట్టండి: ఇది లేకపోతే నా వాదనలో ఏం తగ్గుతుంది? ఏమీ తగ్గకపోతే అది అలంకారమే.

సిలబస్ చూస్తే భయమేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాఠ్యపుస్తకం మొదటి పేజీ దగ్గర మాత్రం కాదు. ముందు మూడు కాగితాలు పక్కన పెట్టుకోండి: సిలబస్, గత నాలుగైదేళ్ల ప్రశ్నపత్రాలు, వాటి మార్కింగ్ స్కీములు. సిలబస్‌లోని ఒక్కో అంశం ఎదురుగా ఆ అంశం మీద వచ్చిన ప్రశ్నలన్నీ రాయండి. రెండు గంటల పని. అది ముగిసేసరికి పరీక్షకులు ఒక అంశాన్ని ఎన్ని వైపుల నుంచి అడగగలరో తెలుస్తుంది. సాధారణంగా నాలుగైదు వైపుల కన్నా ఎక్కువ ఉండవు.

తర్వాత మొత్తం కాలాన్ని ఒకసారి వేగంగా చదవండి. రెండు వారాల్లో ముగించాలి, నోట్స్ రాయకూడదు. కథ ఎటు నుంచి ఎటు పోతోందో తెలిస్తే చాలు. ఆ తర్వాతే ఒక్కో అంశంలోకి లోతుగా దిగండి. ఈ మెట్టు దాటేసినవాళ్లు 1923 కోర్ఫూ సంక్షోభాన్ని (గ్రీసు ద్వీపం మీద ఇటలీ దాడి), 1935 అబిసీనియా సంక్షోభాన్ని (ఇథియోపియా మీద ఇటలీ దాడి) రెండు వేర్వేరు పాఠాలుగా చదువుతారు. రెండింట్లోనూ నానాజాతి సమితిని ధిక్కరించింది ఇటలీ నియంత ముసోలినీయేనన్న సంగతి పరీక్ష గదిలో గాని తట్టదు.

ఎన్ని తేదీలు గుర్తుండాలి?

ఒక్కో పెద్ద అంశానికి పాతిక, ముప్పై. అంతకు మించి బట్టీపట్టడం వృథా. వాటిలో పది రోజుతో సహా, మిగిలినవి నెల, సంవత్సరంతో గుర్తుంటే చాలు. తేదీ కన్నా వరుస ముఖ్యం. ట్రూమన్ సిద్ధాంతం (1947 మార్చి), మార్షల్ ప్రసంగం (1947 జూన్), బెర్లిన్ దిగ్బంధం (1948 జూన్), నాటో (1949 ఏప్రిల్): ఈ వరుస తారుమారైతే ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో తలకిందులవుతుంది. అప్పుడు వాదనే కూలిపోతుంది.

కొన్ని తేదీలు ఒక్కో పుస్తకంలో ఒక్కోలా కనబడతాయి, కంగారు పడకండి. రష్యా 1918 ఫిబ్రవరి దాకా పాత క్యాలెండర్ వాడింది, అందుకే 'అక్టోబర్ విప్లవం' మన లెక్కలో 1917 నవంబరు 7. జర్మనీ లొంగుబాటు 1945 మే 8 రాత్రి అమల్లోకి వచ్చింది, అప్పటికి మాస్కోలో తారీఖు మారి 9 అయింది. పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో డిసెంబరు 7 ఉదయం జరిగింది, టోక్యోలో అప్పటికే 8. పరీక్షలో ఏది రాసినా ఒక్కటే వాడండి, మధ్యలో మార్చకండి.

గుర్తుంచుకోవడానికి ఊతంగా ఒకటి: సారయేవో హత్య 1914 జూన్ 28న, వర్సెయిల్స్ సంతకాలు 1919 జూన్ 28న. సరిగ్గా ఐదేళ్లు.

నోట్స్ ఎలా రాసుకోవాలి?

పుస్తకాన్ని పొట్టిగా తిరగరాయడం నోట్స్ కాదు. ఒక అంశానికి ఒకే కాగితం, రెండు వైపులా. ముందు వైపు ఐదారు వాక్యాల్లో జరిగింది, కింద తేదీల వరుస. వెనక వైపు మూడు గళ్లు: కారణాలు ప్రాధాన్య క్రమంలో, ప్రతి కారణానికీ ఒక గట్టి సాక్ష్యం, ఆ కారణానికి ఎదురువాదన. మూడో గడి ఖాళీగా ఉందంటే ఆ అంశం ఇంకా చదవాల్సి ఉందని అర్థం.

ఒకే సమయంలో రెండు చోట్ల నడిచిన సంఘటనలకు పక్కపక్కన నిలువు వరుసలు గీయండి. 1956 శరదృతువు దీనికి బాగా సరిపోతుంది. ఒక వరుసలో హంగరీ: అక్టోబరు 23న తిరుగుబాటు, నవంబరు 4న బుడాపెస్ట్‌లోకి సోవియట్ ట్యాంకులు. పక్క వరుసలో సూయెజ్: అక్టోబరు 29న సినాయ్ మీద ఇజ్రాయెల్ దాడి, నవంబరు 6న కాల్పుల విరమణ. రెండూ వేర్వేరు పాఠాల్లో చదివితే, హంగరీ విషయంలో పశ్చిమ దేశాలు మాస్కోను గట్టిగా నిలదీయలేకపోవడానికి ఒక కారణం కనబడకుండా పోతుంది. బ్రిటన్, ఫ్రాన్స్ అదే వారంలో మరో దేశం మీద బాంబులు వేస్తున్నాయి మరి.

సోర్స్ ప్రశ్నకు (ఆనాటి ఆధారం ఒకటి ఇచ్చి అడిగేదానికి) ఏం రాయాలో తెలియడం లేదు. ఒక ఆధారాన్ని ఎలా చదవాలో చూపిస్తారా?

ఒకటి తీసుకుందాం. 1944 అక్టోబరు 9 రాత్రి మాస్కోలో చర్చిల్ ఒక కాగితం మీద కొన్ని అంకెలు రాసి స్టాలిన్ ముందుకు జరిపాడు. రుమేనియాలో రష్యాకు 90 శాతం, గ్రీసులో బ్రిటన్‌కు 90, యుగోస్లావియా, హంగరీల్లో చెరి 50, బల్గేరియాలో రష్యాకు 75. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో దాని మీద టిక్కు పెట్టాడు. ఈ సన్నివేశం మనకు ఎక్కువగా తెలిసింది చర్చిల్ యుద్ధ జ్ఞాపకాల చివరి సంపుటం వల్ల, అది 1953లో మొదట వెలువడింది. పరీక్షలో ఆ జ్ఞాపకాల నుంచి ఒక భాగం ఇచ్చి, "ప్రచ్ఛన్న యుద్ధం ఎలా మొదలైందో అర్థం చేసుకోవడానికి ఈ ఆధారం ఎంతవరకు ఉపయోగం?" అని అడిగారనుకోండి.

మొదట, అది ఏం చెబుతోంది? ఇద్దరు నాయకులు ఐదు దేశాల్లో ప్రాబల్యాన్ని ఆ దేశాలను అడగకుండా పంచుకున్నారు. 1944లో మాట్లాడుకునే భాష భావజాలం కాదు, వాటాలు. దీన్ని మీ మాటల్లో రెండు వాక్యాల్లో రాయండి. ఆధారాన్ని పొడుగ్గా ఉటంకించకండి, నాలుగైదు మాటలు చాలు.

రెండోది, ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం రాశారు? రాసింది ఆ గదిలో ఉన్న మనిషి. ఇది బలం. రాసి వెలువరించింది తొమ్మిదేళ్ల తర్వాత. అప్పటికి ఆయన మళ్లీ ప్రధాని, స్టాలిన్ ఆ ఏడాది మార్చిలోనే చనిపోయాడు, ప్రచ్ఛన్న యుద్ధం ముదిరింది. తూర్పు ఐరోపాను చేజేతులా అప్పగించాడన్న నింద తన మీద పడకుండా ఆ ఒప్పందాన్ని తాత్కాలిక యుద్ధకాలపు సర్దుబాటుగా చూపించుకోవాల్సిన అవసరం ఆయనకుంది.

మూడోది, బయటి సమాచారంతో సరిపోల్చడం. ఆ కాగితం నిజంగానే ఉంది, బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో. అంటే కట్టుకథ కాదు. తర్వాతి రోజుల్లో ఇరుదేశాల విదేశాంగ మంత్రులు ఈడెన్, మొలొటోవ్ బేరమాడి హంగరీ, బల్గేరియా అంకెలను సోవియట్ వైపు 80కి పెంచారు. అంటే మాస్కో ఆ శాతాలను వట్టి మాటలుగా చూడలేదు. ఆ డిసెంబరులో ఏథెన్స్‌లో బ్రిటిష్ సైన్యం కమ్యూనిస్టు దళాలతో పోరాడుతుంటే స్టాలిన్ మిన్నకుండిపోయాడు. ఇదీ ఆ కథనానికి బలమే.

నాలుగోది అందరూ మరిచిపోయేది: ఆధారంలో ఏం లేదు? ఆ జాబితాలో పోలండ్ లేదు. 1945లో యాల్టా, పోట్స్‌డామ్ శిఖరాగ్ర సమావేశాల్లో అసలు తగవు పోలండ్ గురించే. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆ గదిలో లేడు. 'శాతం' అంటే దేనిలో శాతమో ఎక్కడా చెప్పలేదు. కాబట్టి బ్రిటన్-సోవియట్ బేరం గురించి ఈ ఆధారం చాలా ఉపయోగం, ప్రచ్ఛన్న యుద్ధం మొదలవడం గురించి సగమే ఉపయోగం. ఇలా దేనికి ఉపయోగమో, దేనికి కాదో విడదీసి ముగిస్తే పై స్థాయి మార్కులు వస్తాయి.

"రచయితది పక్షపాతం" అని రాశాను. మార్కు ఎందుకు ఇవ్వలేదు?

ప్రతి ఆధారంలోనూ పక్షపాతం ఉంటుంది గనక, ఆ మాటతో మీరు కొత్తగా చెప్పింది ఏమీ లేదు. పక్షపాతం ఎటువైపు, ఏ అవసరం వల్ల, దాని వల్ల ఏ విషయం పెరిగింది, ఏది దాగింది? ఈ నాలుగూ రాయాలి. అది రాశాక కూడా ఆధారాన్ని పారేయకండి. 1914లో యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వాలు తమ దౌత్య పత్రాలను రంగుల పేర్లతో ప్రచురించాయి: జర్మనీ తెల్ల పుస్తకం, బ్రిటన్ నీలి పుస్తకం, రష్యా నారింజ పుస్తకం, ఫ్రాన్స్ పసుపు పుస్తకం. తమకు నచ్చినవి ఏరుకుని, నచ్చనివి తీసేసి అచ్చువేశారు. యుద్ధానికి ఎవరు కారణమన్నది తేల్చడానికి అవి నమ్మదగ్గవి కావు. ఒక ప్రభుత్వం తన ప్రజల ముందు ఎలా కనబడాలనుకుందో చెప్పడానికి మాత్రం వాటిని మించిన సాక్ష్యం దొరకదు. నమ్మకం లేని ఆధారం పనికిరాని ఆధారం కాదు.

రెండు ఆధారాలను పోల్చమన్నప్పుడు?

మొదటి ఆధారం గురించి ఒక పేరా, రెండో దాని గురించి ఒక పేరా రాసి, చివర "రెండూ భిన్నమైనవి" అని ముగించడం చాలామంది చేసే తప్పు. పోలిక ప్రతి పేరాలోనూ జరగాలి. ముందు మూడు నాలుగు అంశాలు ఎంచుకోండి, ఒక్కో అంశంలో రెండు ఆధారాలూ ఏమంటున్నాయో ఒకే పేరాలో చెప్పండి. 1946 ఫిబ్రవరి 22న మాస్కో నుంచి అమెరికా దౌత్యవేత్త కెన్నన్ పంపిన సుదీర్ఘ టెలిగ్రామ్‌ను, అదే ఏడాది సెప్టెంబరు 27న వాషింగ్టన్ నుంచి సోవియట్ రాయబారి నోవికోవ్ పంపిన టెలిగ్రామ్‌ను పక్కపక్కన పెట్టండి. ఇద్దరూ ఎదుటి దేశం విస్తరణవాదంతో ఉందన్నారు. ఒకరు దాని మూలం రష్యా పాలకుల అభద్రతలో వెతికారు, మరొకరు అమెరికా గుత్త పెట్టుబడిలో. ఇద్దరూ సొంత ప్రభుత్వానికే రహస్యంగా రాశారు. పోలికలు దొరికాయి, తేడా దొరికింది. తేడా ఎందుకో కూడా రాస్తేనే పూర్తవుతుంది.

"ఎంతవరకు" అని మొదలయ్యే వ్యాసాన్ని ఎలా నడపాలి?

ఒక వ్యాసానికి గంట ఉంటే 8 నుంచి 10 నిమిషాలు ప్రణాళిక, 45 నిమిషాలు రాత, మిగిలింది తిరిగి చదవడానికి. ప్రణాళిక లేకుండా మొదలుపెట్టినవాళ్లు మూడో పేరాలో అభిప్రాయం మార్చుకుంటారు, పరీక్షకుడికి అది ఇట్టే దొరుకుతుంది. ఉపోద్ఘాతం నాలుగు వాక్యాలు చాలు, మీ తీర్పు అక్కడే ఉండాలి. దాన్ని చివరి పేరా దాకా దాచి అప్పుడు బయటపెట్టడానికి ఇది అపరాధ పరిశోధన నవల కాదు. తర్వాత నాలుగు పేరాలు: ప్రశ్నలో ఇచ్చిన కారణం ముందు, మిగతా కారణాలు ఆ తర్వాత.

ప్రశ్న: "మంచూరియా విషయంలో నానాజాతి సమితి విఫలం కావడానికి అమెరికా సభ్యదేశం కాకపోవడం ఎంతవరకు కారణం?" ఎక్కువమంది రాసే పేరా ఇలా ఉంటుంది:

"1931లో జపాన్ మంచూరియా మీద దాడి చేసింది. సమితి లిట్టన్ కమిషన్‌ను పంపింది. నివేదిక ఆలస్యమైంది. 1933లో జపాన్ సమితి నుంచి వెళ్లిపోయింది. అమెరికా సమితిలో లేకపోవడం వల్ల సమితి బలహీనపడింది."

తప్పు ఒక్కటీ లేదు. వాదన కూడా ఒక్కటీ లేదు. చివరి వాక్యం పై నాలుగు వాక్యాలతో ముడిపడలేదు. అదే సమాచారానికి పనిచెబితే:

"అమెరికా బయట ఉండటం సమితి చేతిలోని ఆర్థిక ఆయుధాన్ని మొద్దుబార్చింది. సభ్యదేశాలు జపాన్‌తో వాణిజ్యం ఆపినా, పెద్ద భాగస్వామి అయిన అమెరికా నుంచి సరుకు వస్తూనే ఉండేది. అయితే అమెరికా సభ్యదేశమై ఉంటే ఆంక్షలు పడేవా? 1932 జనవరిలో విదేశాంగ మంత్రి స్టిమ్సన్ బలప్రయోగంతో వచ్చిన మార్పులను గుర్తించబోమన్నాడే గాని వాణిజ్యం జోలికి పోలేదు, అధ్యక్షుడు హూవర్ ఆంక్షలకు వ్యతిరేకి. సభ్యదేశాల పరిస్థితీ అంతే. జపాన్ దాడికి సాకైన ముక్డెన్ ఘటన 1931 సెప్టెంబరు 18న జరిగితే, సరిగ్గా మూడు రోజులకు బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదులుకుంది. సింగపూర్ నౌకాస్థావరం అప్పటికి పూర్తికాలేదు. కాబట్టి అమెరికా లేకపోవడం కష్టాన్ని పెంచిన మాట నిజమే, అసలు లోపం మాత్రం దూరదేశంలో జరిగిన దురాక్రమణకు సొంత డబ్బు ఖర్చుపెట్టే ఉద్దేశం ఎవరికీ లేకపోవడం."

తర్వాతి పేరాకు సమితి నిబంధనలు తీసుకోవచ్చు. 1931 అక్టోబరు 24న కౌన్సిల్‌లో ఓటు 13–1. ఏకగ్రీవం కావాలి గనక జపాన్ ఒక్క ఓటుతో తీర్మానం వీగిపోయింది. లిట్టన్ నివేదిక 1932 అక్టోబరులో వెలువడింది. 1933 ఫిబ్రవరి 24న అసెంబ్లీ 42–1తో దాన్ని ఆమోదించింది, సియాం తటస్థంగా ఉంది. ఆ మర్నెల జపాన్ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఈ రెండు ఓట్లను పక్కపక్కన పెడితే, నైతికంగా ప్రపంచమంతా ఒకవైపు ఉన్నా ఒరిగిందేమీ లేదన్న మాట మీరు చెప్పకుండానే పాఠకుడికి అందుతుంది.

చరిత్రకారుల పేర్లు తప్పనిసరిగా రాయాలా?

చాలా పేపర్లలో అక్కర్లేదు. వ్యాఖ్యానాల మీద ప్రత్యేక పేపర్ ఉంటే అవసరం. అప్పుడు కూడా పేరు కన్నా వాదన ముఖ్యం. "1961లో ఫ్రిట్జ్ ఫిషర్ 1914 యుద్ధ బాధ్యతను ప్రధానంగా జర్మనీ నాయకత్వం మీద పెట్టాడు, అందుకు 1914 సెప్టెంబరు నాటి యుద్ధ లక్ష్యాల పత్రాన్ని చూపాడు" అని రాసి, "ఆ పత్రం యుద్ధం మొదలైన నెల తర్వాతది, దాన్నిబట్టి జూలై నాటి ఉద్దేశాన్ని చెప్పగలమా?" అని అడగగలిగితే అది విమర్శ. పేరు, సంవత్సరం మాత్రమే రాస్తే అది హాజరుపట్టీ.

ప్రచ్ఛన్న యుద్ధం మీద సంప్రదాయవాదులు, సవరణవాదులు, సవరణానంతరవాదులు అనే మూడు డబ్బాలు అందరూ బట్టీపడతారు. మొదటివాళ్లు స్టాలిన్‌ను, రెండోవాళ్లు అమెరికా ఆర్థిక ప్రయోజనాలను నిందించారు, మూడోవాళ్లు ఇరువైపులా భయాలు, పొరపాటు అంచనాలు చూశారు. పరీక్షలో ఇచ్చిన భాగం ఏ డబ్బాలోనూ ఇమడకపోతే బలవంతంగా కుక్కకండి. రచయిత అసలు వాదన ఏమిటి, దానికి ఆధారమైన చిన్న వాదనలేమిటి, ఏ విషయం గురించి మౌనంగా ఉన్నాడు? ముందు ఇవి రాయండి. ముద్ర చివర్లో వేసినా చాలు, వేయకపోయినా నష్టం లేదు.

వ్యాఖ్యానాలు మారడానికి ఒక కారణం కొత్త ఆధారాలు. క్యూబా క్షిపణి సంక్షోభంలో టర్కీ నుంచి అమెరికా జూపిటర్ క్షిపణులు తీసేస్తామని 1962 అక్టోబరు 27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌కు రహస్యంగా మాట ఇచ్చాడు. ఇది అమెరికా వైపు నుంచి స్పష్టంగా ఒప్పుకున్నది 1980ల చివర్లో. అంతకుముందు రాసిన పుస్తకాలు ఆ సంక్షోభాన్ని అమెరికా పట్టుదల గెలుపుగా చూపడంలో వింతేమీ లేదు. పుస్తకం ఏ ఏడాదిదో చూడమని పదేపదే చెప్పేది ఇందుకే.

అంకెలు రాస్తే మార్కులు పెరుగుతాయా?

సరైన చోట రాస్తే. జర్మనీ మీద 1921లో విధించిన నష్టపరిహారం 132 బిలియన్ల బంగారు మార్కులని అందరూ రాస్తారు. అందులో 82 బిలియన్లు 'సి' బాండ్లు, వాటిని వసూలు చేస్తామని మిత్రరాజ్యాల నిపుణులే అనుకోలేదు. నిజంగా ఎదురుచూసింది 50 బిలియన్లు. ఈ రెండో ముక్క కలిపితే "వర్సెయిల్స్ షరతులు భరించలేనివా?" అన్న ప్రశ్నకు మీ జవాబు పక్కవాళ్ల జవాబు కన్నా వేరుగా ఉంటుంది. ట్రూమన్ సిద్ధాంతం కింద గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్లు, మార్షల్ ప్రణాళికకు సుమారు 1,300 కోట్ల డాలర్లు: ఈ రెండూ పక్కపక్కన పెడితే అమెరికా లక్ష్యం ఏడాదిలో ఎంత పెద్దదైందో కనబడుతుంది. గుర్తులేని అంకెను ఊహించి మాత్రం రాయకండి. "చాలా" అన్న మాట తప్పు అంకె కన్నా మేలు.

పటాలు అవసరమా?

చాలా పరీక్షల్లో గీయమని అడగరు, అయినా అవసరం. 1914, 1923, 1949 నాటి ఐరోపా పటాలను చూడకుండా చేత్తో గీయగలగాలి. అందంగా ఉండక్కర్లేదు. రైన్‌లాండ్, డాన్‌జిగ్, సుడేటన్‌లాండ్ ఎక్కడున్నాయో చేతికి తెలిస్తే, 1938 అక్టోబరులో చెకోస్లోవేకియా తన సరిహద్దు కోటలను ఎందుకు కోల్పోయిందో వేరే చదవక్కర్లేదు. ఆ కోటల్లో చాలావరకు సుడేటన్ ప్రాంతంలోనే ఉన్నాయి.

ఊళ్ల పేర్లు పుస్తకానికో రకంగా ఉన్నాయి. ఏది రాయాలి?

మీరు రాస్తున్న కాలంలో వాడుకలో ఉన్న పేరు. 1914 దాకా సెయింట్ పీటర్స్‌బర్గ్, తర్వాత పెట్రోగ్రాడ్, 1924 నుంచి 1991 దాకా లెనిన్‌గ్రాడ్. 1935 ముందు పర్షియా, తర్వాత ఇరాన్. అబిసీనియా, ఇథియోపియా రెండూ నడుస్తాయి. మొదట ఏది రాస్తే చివరిదాకా అదే.

సొంత పరిశోధన వ్యాసానికి అంశం ఎలా ఎంచుకోవాలి?

అంశం కాదు, ప్రశ్న ఎంచుకోండి. "రెండో ప్రపంచ యుద్ధానికి కారణాలు" మీద పుస్తకాల గోడే ఉంది, రెండు మూడు వేల పదాల్లో దానికి మీరు చేర్చేదేమీ ఉండదు. "1935 నవంబరు నుంచి 1936 జూలై వరకు ఇటలీ మీద ఆంక్షల జాబితాలో చమురు ఎందుకు చేరలేదు?" అన్నది పట్టు దొరికే ప్రశ్న. కాలం ఎనిమిది నెలలు, పాత్రలు నాలుగైదు, ఆధారాలు అందుబాటులో ఉన్నాయి, సమాధానాలు రెండు మూడు పోటీపడతాయి: అమెరికా చమురు అమ్మకం ఆగదన్న సాకు, ఇటలీని జర్మనీ వైపు నెట్టకూడదన్న ఫ్రాన్స్ లెక్క, మధ్యధరాలో ఒంటరి యుద్ధానికి బ్రిటన్ నౌకాదళం వెనకాడటం.

ఆధారాలు ఎనిమిది నుంచి పన్నెండు చాలు, వాటిలో కనీసం మూడు ఆనాటి పత్రాలై ఉండాలి. అమెరికా విదేశాంగ శాఖ దౌత్య పత్రాల సంపుటాలు, విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్, జెనీవాలోని నానాజాతి సమితి పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదివిన రోజే పత్రం తేదీ, పేజీ సంఖ్య రాసుకోండి. చివరి వారంలో ఒక ఉటంకింపు ఎక్కడిదో వెతుక్కోవడానికి పట్టే సమయంలో ఇంకో అధ్యాయం రాయొచ్చు.

చాట్‌బాట్‌తో వ్యాసం రాయించుకుంటే?

బోర్డు నిబంధనల సంగతి మీరే చూసుకోండి. అసలు ప్రమాదం వేరు: అవి లేని ఉటంకింపులను, లేని పుస్తకాలను నమ్మకంగా చెప్పగలవు. మీరు రాసిన పేరాకు ఎదురువాదన చెప్పమని అడగడానికి పనికొస్తాయి. అది ఇచ్చిన ప్రతి తేదీని పుస్తకంలో సరిచూడాలి. ఇంతా చేశాక పుస్తకమే ముందు తెరిచి ఉంటే పోయేదనిపిస్తుంది.

పరీక్షకు ఆరు వారాలే ఉంది. ఏం చేయాలి?

మొదటి రెండు వారాలు ప్రతి అంశం కాగితాన్నీ చూడకుండా తిరిగి రాయండి, తర్వాత అసలుతో పోల్చి ఎర్ర పెన్నుతో ఖాళీలు నింపండి. మూడు, నాలుగు వారాల్లో రోజుకు రెండు వ్యాస ప్రణాళికలు, ఒక్కోటి పది నిమిషాల్లో. పూర్తి వ్యాసాలు వారానికి రెండు చాలు, గడియారం పెట్టుకుని, చేత్తో. ఐదో వారం సోర్స్ పేపర్లు. ఆఖరి వారం కొత్తది ఏదీ చదవకండి.

ఇష్టం లేని అంశాన్ని వదిలేసి జూదమాడాలనుకుంటే, ముందు పాత ప్రశ్నపత్రాలు లెక్కపెట్టండి. మూడు ప్రశ్నల్లో రెండు రాయాల్సిన పేపర్లో ఒక అంశం వదలడం అంటే ఎంపికే లేకుండా పోవడం.

గదిలో తేదీ మరిచిపోతే?

ఖాళీ వదలకండి, "1930ల మొదట్లో" అని రాసి ముందుకు పోండి. వరుస సరిగ్గా ఉంటే నష్టం చిన్నది. సమయం అయిపోతుంటే మిగిలిన పేరాలను కారణం, సాక్ష్యం చొప్పున ఒక్కో వాక్యంలో రాసి, తీర్పు వాక్యం తప్పకుండా పెట్టండి. మొదటి వ్యాసానికి పది నిమిషాలు ఎక్కువ ఇచ్చి రెండోదాన్ని సగంలో ఆపేస్తే, ఆ పదికి వచ్చే ఒకటి రెండు మార్కుల కోసం రెండో వ్యాసంలో ఏడెనిమిది పోతాయి.